నలభైమంది లాయర్లు

చలికాలం బడిని వెచ్చబెట్టడానికి నేను బొగ్గేసే బాయిలరు గదికి పదకొండో తరగతి సాయ్‌కల్ ఏడుస్తూ వచ్చింది.

"బాబాయ్, పశువుల డాక్టరు చదువుతానంటే, పైచదువుల సలహాలిచ్చే తోక్తొసున్ మాస్టారు నా ఫారంలో లాయరని రాసేశారు. రేపే పంపేస్తారట!"

తిన్నగా ఆయన దగ్గరికెళ్లాను. "మాస్టారూ, మీరు పాలు పితికే ఆడగుర్రం పడిపోయి కాళ్లు కొట్టుకుంటోంది!"

"గుడ్లప్పగించి చూస్తావేంట్రా? డాక్టర్ని పిలు!"

"మనూళ్లో డాక్టరెక్కడండీ? మీరు తయారుచేసిన లాయర్లున్నారు, నలభైమంది. ఎవర్ని పిలవమంటారు?"

ఆయన ఇంటికి పరుగెత్తారు. గుర్రం హాయిగా గడ్డి నములుతోంది. తిరిగొచ్చి నన్ను తిట్టిన తిట్లు బడంతా విన్నది గాని, సాయంత్రానికి సాయ్‌కల్ ఫారం మారిపోయింది.

మర్నాడు నా గది ముందు మళ్లీ ఏడుపు. ఈసారి సాయ్‌కల్ తప్ప తరగతంతా ఉంది.

"బాబాయ్, ముప్పైమందినీ పశువుల డాక్టర్లని రాసి పంపేశారు!"

మా ఊళ్లో అన్ని గుర్రాలు కూడా లేవు.