కుడివైపు తలుపు

రంగు గీకే యంత్రం ఇంకా పాత ఫైరింజను తలుపును తాకనే లేదు. మధ్యలో ఒక ముసలి అరచెయ్యి వచ్చి అడ్డుపడింది.

వెండెల్ ఉలిక్కిపడి యంత్రం ఆపాడు.

"వేళ్లు తెగిపోయేవి! ఎవరండీ మీరు?"

"ఈ తలుపు మీద రంగు గీకకు బాబూ. మిగతా బండి అంతా నీ ఇష్టం."

ఆ పెద్దాయన్ని వెండెల్ ఎప్పుడూ చూడలేదు. గడ్డి టోపీ, ఇస్త్రీ చొక్కా. నిలబడితేనే ఆయాసపడుతున్నాడు.

"మా ఊరు పుట్టి నూరేళ్లు. రేపు పదింటికి ఊరేగింపు. ఈ ఫైరింజను ఎర్రగా మెరుస్తూ ముందు నడవాలి. తప్పుకోండి."

"మెరుపు ఎందుకు? మంచినీళ్లతో కడుగు. ఆరాక అవిసెనూనె పల్చగా పట్టించు. తలుపు మీది ఈ రంగు పొక్కులు రాలకుండా ఉంటాయి."

"రంగుల పనివాడా మీరు?"

"కాదు. ఈ తలుపు కోసమే అడిగి తెలుసుకున్నాను."

వెండెల్‌కు ఒళ్లు మండింది. కాన్సస్ గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో, ఈ బండి మాటెత్తితేనే అతనికి మంట.

ముప్పై ఏడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ధాన్యం గిడ్డంగి అంటుకుంది. ఈ బండి నడిపింది వెండెల్ తండ్రి రస్సెల్. అందరూ ముందువైపు మంటలార్పుతుంటే, ఆయన నీళ్ల బండిని తిప్పుకుని వెళ్లిపోయాడు. గిడ్డంగి బూడిదైంది. ఎందుకు వెళ్లావని ఊరంతా నిలదీసినా ఆయన నోరు విప్పలేదు.

"పారిపోయే ఇంజను కొడుకొచ్చాడ్రోయ్!" అని బళ్లో పిల్లలు అరిచేవాళ్లు.

తండ్రి పోయేదాకా వెండెల్ ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. షెడ్డులో పడి ఉన్న ఈ బండికి రంగు వేసే పని ఇప్పుడు కోరి తన రంగుల షాపుకు తెచ్చుకున్నాడు. పాత రంగు ఆనవాలైనా మిగలకూడదని.

"దీని సంగతి మీకేం తెలుసు?" అన్నాడు కసిగా.

"ఎండకైతే రంగు వెలిసి, పొడిపొడిగా రాలుతుంది. ఇలా పొక్కదు. మంట పక్కన ఆగితేనే పొక్కుతుంది. పారిపోయే బండికి వెనక కాలుతుంది బాబూ, పక్క కాదు. మీ నాన్న..."

"మా నాన్న మాట ఎత్తకండి!"

"రెండు నిమిషాలు కూర్చోనిస్తే చెప్తాను. చాలా దూరం నుంచి వచ్చాను."

"బయటికి నడవండి. లేదంటే పోలీసుల్ని పిలుస్తా."

పెద్దాయన ముఖం పాలిపోయింది.

"బస్టాండు పక్క లాడ్జిలో ఉంటాను" అని, మెల్లగా వెళ్లిపోయాడు.

వెండెల్ యంత్రం ఆన్ చేశాడు. తలుపు అంచున బెత్తెడు మేర ఇనుము తెల్లగా బయటపడింది.

'పక్క కాదు' అన్న పెద్దాయన మాట గుర్తొచ్చి యంత్రం ఆపాడు.

లేచి ఎడమవైపుకు వెళ్లాడు. అక్కడ రంగు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది, అంతే. ఒక్క పొక్కు లేదు. బండి వెనక చూశాడు. అక్కడా లేదు.

తిరిగొచ్చి కుడివైపు తలుపు తెరిచాడు.

లోపలివైపూ పొక్కులే.

అంటే, మంట తగిలినప్పుడు ఈ తలుపు తెరిచి ఉంది. నిప్పు పక్కన బండి ఆపి, తలుపు తెరిచిపెట్టుకుని నాన్న ఏం చేశాడు?

ఫోన్ మోగింది. ఫైర్‌స్టేషన్ పెద్ద డార్లీన్.

"రంగు ఆరిందా వెండెల్?"

"వెయ్యట్లేదు. కడిగి, నూనె పట్టించి ఇస్తాను."

"మతి పోయిందా? ఆ పొక్కుల బండిని ఊరేగిస్తే ఊరు నవ్వుతుంది!"

"నవ్వనీ. ఇన్నేళ్లూ నవ్వలేదా?"

డార్లీన్ విసుక్కుంది.

"రేపు జనానికి నువ్వే జవాబు చెప్పుకో" అని పెట్టేసింది.

పొద్దువాలేదాకా కడిగాడు. ఒక్కో పొక్కు మీదా సన్న కుంచెతో నూనె అద్దాడు. ఒక చోట పెచ్చు ఊడబోతే ఊపిరి బిగబట్టి వేలితో నొక్కిపట్టాడు.

మర్నాడు ఎనిమిదింటికల్లా లాడ్జికి పరుగెత్తాడు. గది తలుపు తీసే ఉంది. ఎవరో ఒకావిడ చొక్కా మడతపెడుతూ కనిపించింది.

"పెద్దాయన లేరా అండీ?"

"మా నాన్న. తెల్లవారుజామున గుండె ఆగిపోయింది" అందామె. "ప్రయాణం వద్దని డాక్టరు మొత్తుకున్నాడు, వినలేదు. తోడుగా నేనూ వచ్చాను. మీరు రస్సెల్ గారి అబ్బాయా?"

వెండెల్ తలూపాడు.

"ఆ రోజు ఎండకు తాళలేక ఒక కూలీ గిడ్డంగి వెనక గదిలో దొంగచాటుగా పడుకున్నాడు. ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేనివాడు. వాడి సిగరెట్టుకే అంటుకుంది. వాడి కేకలు ఒక్క మీ నాన్నగారి చెవినే పడ్డాయి. బండిని గిడ్డంగి వెనకవైపుకు తిప్పి, మంట పక్కనే ఆపి, వాణ్ని లోపలికి లాక్కుని ఊరు దాటించారు."

"ఆ కూలీ... ఏమయ్యాడు?"

"పోలీసులకు పట్టివ్వొద్దని కాళ్లు పట్టుకుంటే 'నిన్ను నేను చూడనే లేదు, పో' అని మీ నాన్నగారు వదిలేశారు కాబట్టి, ముప్పై ఏడేళ్లు బతికి, ఆ సంగతి మీకు చెప్పుకుందామని నిన్న మీ షాపుకొచ్చాడు."