పచ్చిక దొంగ

అపార్టుమెంటు పచ్చికలో వరసగా మూడో వారం కూడా గడ్డి పోయింది. పోవడమంటే అలా ఇలా కాదు, క్షవరం చేసినంత నున్నగా పోయింది.

సంఘం కార్యదర్శి తోటమాలిని పిలిచి కడిగేశాడు. ఆయన రిటైరైన ఆడిటరు. అనుమానించడం వెన్నతో పెట్టిన విద్య.

“నువ్వే కోసి అమ్ముకుంటున్నావు. రేపు పొద్దుటికి దొంగ దొరక్కపోతే నీ ఉద్యోగం ఊడినట్టే.”

“నా పిల్లల మీద ఒట్టు సార్, నేను ముట్టుకోలేదు. ఈ పని పోతే నేనెక్కడికి పోను?” తోటమాలి దాదాపు ఏడ్చేశాడు.

కెమెరాల్లో చూద్దామంటే అన్నీ గేటు వైపే తిరిగి ఉన్నాయి. దొంగనేవాడు బయటినుంచే వస్తాడని అలా పెట్టించింది కార్యదర్శే.

లోపలివాళ్ళలో గడ్డి సంగతి తెలిసినవాడు ఒక్కడే, మూడో అంతస్తు పెద్దాయన. ఒకప్పుడు ఈ నేలంతా ఆయన పొలమే. నాలుగెకరాలు తీసుకుని, బిల్డర్లు ఆయన చేతిలో ఒక ఫ్లాటు తాళం పెట్టారు. ఇంట్లో ముసలి మొగుడూ పెళ్ళాలిద్దరే. కార్యదర్శి కాఫీకి చిక్కటి పాలు వచ్చేది ఆ ఇంటినుంచే. అందుకని వాళ్ళను అనుమానించడానికి ఆయనకు మనసొప్పలేదు.

అయినా తెల్లవారుజామున టార్చీ, విజిలూ పట్టుకుని పూలకుండీల వెనక నక్కాడు. కాసేపటికి పెద్దాయన చెప్పుల్లేకుండా వచ్చి, పచ్చికలో పొడుగ్గా పెరిగిన మూల ఎక్కడుందో కాలితో తడిమి చూడసాగాడు.

కార్యదర్శి విజిలేశాడు. “దొరికావు పెద్దాయనా. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను.”

“దొంగతనమేముంది సార్? అంతా మీ అనుమతితోనే.” పెద్దాయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

అది సంఘంవారి పెంపుడు జంతువుల ఫారం. రంగు: నలుపు. కరుస్తుందా: కరవదు. తిప్పే చోటు, వేళ: పచ్చికలో, తెల్లవారుజామున. అడుగున కార్యదర్శి సంతకం ఉంది. కిందటి నెల కుక్కలవాళ్ళ ఫారాలు ఒకేసారి ముప్ఫై వచ్చి పడితే, జీవితంలో మొదటిసారి ఆయన చదవకుండా సంతకాలు పెట్టేశాడు.

“నా చెవిలో పువ్వు పెట్టకు. కుక్క ఎక్కడైనా ఇంత గడ్డి తింటుందా?”

“కుక్క తినదు సార్,” అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. “పొలం పోయింది, ఎడ్లు పోయాయి. మాకు మిగిలింది ఆ ఒక్క ప్రాణమే. దాన్నీ అమ్ముకుంటే మేం బతకలేం. కావాలంటే నన్ను తిట్టండి, ఆ తోటమాలి పొట్ట మాత్రం కొట్టకండి.”

ఇంతలో సామాన్ల లిఫ్టు మూడో అంతస్తునుంచి మూలుగుతూ దిగింది. తలుపు తెరుచుకుంది. ముందు పలుపు పట్టుకుని పెద్దావిడ వచ్చింది, ఆవిడ వెనక రెండు కొమ్ములు వచ్చాయి.

“కాస్త పక్కకి జరగండి బాబూ,” అందావిడ. “ఇది మేసొస్తే గానీ మీ కాఫీకి పాలు రావు.”