తీగ మీది చీర

లచ్చవ్వ ఆరేసిన చీర గాలికి ఎగిరి, పంజగుట్టలో అప్పుడే కొత్తగా వేసిన కరెంటు తీగలకు చుట్టుకుంది. దాన్ని లాగడానికి మొగుడు భిక్షపతి పొడుగాటి ఇనుప గొట్టం పట్టుకుని గోడెక్కాడు.

అలిగి అతనితో మాటలు మానేసిన లచ్చవ్వ, పక్కనున్న బర్రెతో చెప్పింది.

"కరెంటోళ్లు వచ్చి బందు చేసేదాక తీగ జోలికి పోవద్దని చెప్పవే."

భిక్షపతి కూడా బర్రెకే జవాబిచ్చాడు.

"నాకేం కాదు, ఫికర్ చెయ్యొద్దని చెప్పవే."

గొట్టం పైకెత్తాడు.

"ఓ భిక్షపతీ! ఆగు, సచ్చిపోతవ్!"

గొట్టం అతని చేతిలోంచి జారి కింద పడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో లచ్చవ్వ మొగుడి పేరు పలకడం అదే మొదటిసారి. ఆమె నాలుక కరుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం కరెంటు మనుషులు వచ్చి, కరెంటు ఆపి చీర దించారు. భిక్షపతి దానివైపు చూడనైనా లేదు.

"జర ఇంకోపాలి పిలువవే లచ్చీ," అంటూ పెళ్లాం వెంటే తిరుగుతున్నాడు.