బండికి వడదెబ్బ

“ఎండకి పెట్రోలు ఆవిరైపోయింది,” అంటూ పండితుడు బండిని గోడ నీడలోకి తోసి స్టాండు వేశాడు.

చుట్టాలంతా ఆయన్ని పండితుడనే పిలుస్తారు. అందులోని వెటకారం ఆయన చెవికెక్కదు. బావ బండి మిట్టమధ్యాహ్నం ఆగిపోతోందని విన్నప్పటి నుంచీ, దాని కార్బురేటర్ తానే విప్పాలని చేతులు దురద పెడుతున్నాయి. బావేమో మెకానిక్‌ని పిలిచాడు. వాడికంటే ముందే చేరాలని భార్యతో బయల్దేరితే, రెండు వీధులు దాటగానే సొంత బండే మొరాయించింది.

అక్క ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. “నువ్వుండగా పరాయివాడి చెయ్యి పడటమేమిట్రా? త్వరగా రా తమ్ముడూ.”

“వాణ్ని ముట్టుకోనివ్వకక్కా. వచ్చేస్తున్నా.”

పండితుడి కళ్లు చెమర్చాయి. తన విలువ తెలిసింది అక్కకొక్కదానికే. పోయిన వేసవిలో అదే బండిని తాను బాగుచేశాక గుప్పెడు స్క్రూలు మిగిలితే, కంపెనీవాడు ఎక్కువిచ్చాడన్న మాటని మారుమాట్లాడకుండా నమ్మిందీ ఆవిడే.

దారినపోయే పెద్దాయన ఒకాయన ఆగాడు. “పెట్రోలు ఉందా బాబూ?”

పండితుడు ట్యాంకు మూత తీసి చూపించాడు. నిండుగా ఉంది. తర్వాత కార్బురేటర్ అడుగున స్క్రూ వదులు చేశాడు. చుక్క రాలలేదు.

“చూశారా? పైన నిండుగా ఉంది, కింద చుక్క లేదు. మధ్యలో ఆవిరైపోయింది. వేడి జబ్బంటే ఇదేనండీ.”

“దారిలో ఏదన్నా అడ్డం పడిందేమో.”

“ఆవిరే అడ్డం పడింది.”

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాకెందుకొచ్చిన గొడవనుకుని పెద్దాయన వెళ్లిపోయాడు.

“మీకు తెలియనిదేముంది,” అంది భార్య గొడుగు సర్దుకుంటూ. “బాగా చల్లారనివ్వండి. తొందరపడితే ఇంజనుకే మంచిది కాదేమో.”

పెళ్లయిన ఇన్నేళ్లకి ఈవిడకి కాస్త జ్ఞానం అబ్బిందని పండితుడు మురిసిపోయాడు. కార్బురేటర్‌కి తడిగుడ్డ చుట్టాడు, కిక్కు కొట్టాడు, మళ్లీ తడిపి చుట్టాడు. ఆయన చొక్కా తడిసి ముద్దయింది తప్ప బండి కనీసం దగ్గలేదు. అవతల మెకానిక్ ఏం పాడుచేస్తున్నాడోనని ప్రాణం కొట్టుకుంటోంది.

“ఇంకొక్కసారి తడిపితే చాలు. అప్పుడూ కదలకపోతే నన్నడుగు,” అని సీసా పట్టుకుని ఎదురింటి కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

ఆయన గేటు దాటాడో లేదో, భార్య ఫోను మోగింది. ఆడపడుచు.

“మెకానిక్ వెళ్లిపోయాడు, ఇక పెట్రోలు ట్యాపు ఆన్ చేసెయ్ అమ్మాయ్.”