సున్నపు గీత

“ఇంక ఎందాక గియ్యాలె సాబ్?”

సున్నం డబ్బా పట్టుకుని, వెనక్కి నడుస్తూ గీత గీస్తున్నాడు మొగులయ్య. ఇరవై ఏళ్లుగా ఉప్పుగూడ ఫుట్‌బాల్ మైదానంలో గీతలన్నీ అతనివే.

“స్టేడియం గోడ ఇట్లనే వస్తది. నడువన్నా,” అన్నాను.

నిన్న బస్తీ మీటింగులో కొత్త స్టేడియం వద్దని సగం మంది లొల్లి చేశారు. “ఒక్క ఇల్లు గూడ పోదు, నాది పూచీ,” అని క్లబ్బు సెక్రటరీగా చెప్పింది నేనే. అప్పటికే స్టేడియం గోడ ఎటు పోతుందో నక్షాలో చూశాను. నా మాట విని అందరికన్నా ముందు చెయ్యెత్తింది మొగులయ్య.

అతని మడిమ గడపకు తగిలింది. వెనక్కి తిరిగి చూశాడు. తన ఇల్లే. పొద్దున భార్య వేసిన ముగ్గు మీద సున్నం పడింది.

“చాలు మొగులన్నా, ఆపు,” అన్నాను.

“నడుమ ఆపితే వంకరైతది సాబ్.” లోపలికి కేకేశాడు. “మాణిక్యమ్మా, గిన్నెలు జర పక్కకు జరుపు. గీత ఇంట్లకెళ్లి పోవాలె.”

“ఇంట్ల గీతేందయ్యా?”

“ఫికర్ జెయ్యకు. ఇల్లు పోదని సాబ్ జబానిచ్చిండు.”