తల కొలత

డాక్టరు టేపును మొండయ్య తల చుట్టూ తిప్పి, అంకె చూసి కాగితంమీద రాసుకున్నాడు. తర్వాత చెవులు చూశాడు. దవడ ఎముక నొక్కి చూశాడు.

"మీ అన్న తలకూ నీ తలకూ పావు అంగుళం కూడా తేడా లేదు. ఆశ్చర్యం!" అన్నాడు.

"కవలలం గద సారూ," అన్నాడు మొండయ్య.

కరీంనగర్ జైలు ఆఫీసులో ఓ మూల గది అది. గోడవారగా బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఇద్దరే కొడుకులు. ఘడియ ముందు పుట్టినవాడు మొగిలి. వాడు వ్యవసాయం చూసుకున్నాడు. వెనక పుట్టిన మొండయ్య ఏడో తరగతి పాసై పెద్దపల్లి దగ్గర బడిపంతులయ్యాడు.

వానాకాలం నాట్లప్పుడు, మొండయ్య సెలవుమీద ఇంటికొచ్చి ఉండగా, పొలానికి నీళ్లు మలుపుకునే దగ్గర మేనమామ కొడుకు హనుమండ్లుతో మాటా మాటా పెరిగింది. హనుమండ్లు తలమీద పార దెబ్బ పడింది. పోలీసులు వచ్చేసరికి మొగిలి ఆ పార పట్టుకుని గట్టుమీద కూర్చుని ఉన్నాడు. "నేనే కొట్టిన," అన్నాడు. కోర్టులోనూ అదే మాట. ఉరిశిక్ష పడింది.

వకీలు ఒక్క దారి చూపించాడు. పుట్టుకతోనే మొగిలి బుర్రలో ఏదో లోపం ఉందని పెద్ద డాక్టరు రాసిస్తే, క్షమాభిక్ష దొరకవచ్చు. హంతకుల మీద పరిశోధన చేస్తున్న ఈ డాక్టరు హైదరాబాదు నుంచి అందుకే వచ్చాడు.

"మీ వంశంలో పిచ్చివాళ్లు గానీ, హత్యలు చేసినవాళ్లు గానీ ఉన్నారా అమ్మా?"

"మా ఇంట్ల చీమను తొక్కినోళ్లు లేరు సారూ," అంది బాలవ్వ. "ఇద్దర్ని ఒక్క కడుపుల మోసిన. ఒక్క పాలు తాపిన. వాడొక్కడు గిట్లెందుకైండో నువ్వే చెప్పాలె."

డాక్టరు మొండయ్య వైపు తిరిగాడు. "చిన్నప్పుడు మీ అన్నకు కోపం ఎక్కువా?"

మొండయ్య నేల చూస్తూ చెప్పాడు.

"పలక నాకిందని మేకపిల్లను బాయిల పడేసిండు సారూ. గిల్లిదండ ఆటల కొట్లాటై ఒక పిలగాని చెవి కొరికిండు. కోపమొస్తే కండ్లు మసక కమ్ముతయి. చేతులు చల్లబడుతయి. జర సేపటికి దిగుతది. దిగినంక ఏడుపొస్తది."

డాక్టరు కలం ఆగకుండా పరుగెత్తింది. "అమ్మా, ఇవన్నీ నిజమేనా?"

"నిజమే సారూ. అప్పుడు పొలంకాడ ఉంటి, కండ్లతోని చూడలే. ఇంటికొచ్చి ఎవడు చేసిండ్రా అని కట్టె పట్టుకుంటే, మొగిలే ముంగటికొచ్చేటోడు. నేనే అవ్వా అనేటోడు. దెబ్బలు తినేటోడు." ఆమె కళ్లు తుడుచుకుంది. "అబద్ధం మాత్రం ఆడకపోయేది."

ములాఖత్‌కు మొండయ్య ఒక్కడే వెళ్లాడు. ఊచల వెనక మొగిలి సన్నబడ్డాడు.

"నీ పాపకు పాలపండ్లొచ్చినయా తమ్మీ?"

"రెండొచ్చినయి."

"అవ్వ రాలేదా?"

"బయటున్నది. లోపలికి రాదట. తన తమ్ముని ఇంట్ల దీపమార్పినోని మొఖం చూడదట."

మొగిలి ఊచ పట్టుకున్నాడు.

"పోనియ్యి," అన్నాడు. "డాక్టర్‌కు మేకపిల్ల సంగతి చెప్పినవట. గాయిన నన్ను గూడ అడిగిండు. అవునని చెప్పిన."

మొండయ్యకు ఏడుపు ఆగలేదు. "అన్నా..."

"ఊకో. జవాన్లు చూస్తుండ్రు. పాపను మంచిగ చూసుకో. నౌకరి ఇడువకు."

డాక్టరు రిపోర్టు పనిచేసింది. ఉరి తప్పి యావజ్జీవం అయింది. హింస ఇతనికి పుట్టుకతోనే వచ్చిందనీ, అదే కడుపున పుట్టిన తమ్ముడు శాంతస్వభావుడు, నేరమెరుగనివాడనీ అందులో రాశాడు. ఊళ్లో ఆ మాట పాకిపోయింది. బాలవ్వ కూడా అదే నమ్మింది. పిల్లలు అల్లరి చేస్తే, "మొగిలిగాని లెక్క తయారైతున్నవా?" అని తిట్టడం ఊరికి అలవాటైంది. ఆ తిట్టు ఒకనాడు తన బళ్లోనే వినబడితే, మొండయ్య సుద్దముక్క పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

నాలుగేళ్లకు తంతి వచ్చింది. మొగిలి జైలు దవాఖానాలో కామెర్లతో పోయాడు. బాలవ్వ గడప దాటలేదు. మొండయ్య ఒక్కడే వెళ్లాడు.

అక్కడ ఆ డాక్టరే ఉన్నాడు. చేతిలో ఒక కాగితం.

"మీ అన్న మెదడును పరీక్ష చేయాలి. దానికి నీ అనుమతి కావాలి."

"ఏం దొరుకుతది సారూ?"

"మనిషిని హంతకుణ్ణి చేసేదేదో దొరుకుతుంది. రేపు ఇంకో తల్లికి ఈ గర్భశోకం ఉండదు."

మొండయ్య గుడ్డ తొలగించి అన్న ముఖం చూశాడు. అద్దంలో చూసుకున్నట్టే ఉంది. నుదుటిమీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీయలేకపోయాడు.

డాక్టరు అతని భుజం తట్టాడు. "నువ్వేం భయపడకు. ఆ లోపం నీలో లేదు. నీ బిడ్డకూ రాదు."

మొండయ్య కలం అందుకుని సంతకం పెట్టాడు.

ఆనాడు గట్టుమీద హనుమండ్లును పారతో కొట్టింది మొగిలి కాదు, తానే అన్న మాట మాత్రం అప్పుడు కూడా అతని గొంతు దాటి రాలేదు.