వంటమనిషి వేషం

"మళ్ళీ తప్పే," అంది నోరా సగ్డెన్.

ఎదురు కుర్చీలో దొరసాని కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ పేరు ఇమొజెన్ వేర్. పక్కింటి బ్రెండా ప్రతి గురువారం ఆవిడని లోపలికి తీసుకొచ్చి ఆ పేరు చెబుతుంది. నోరా ప్రతి గురువారం కొత్తగా వింటుంది. ఎనభై తొమ్మిదేళ్ళ బుర్రలో పేర్లు నిలవడం మానేసి చాలాకాలమైంది. మొహం మాత్రం ఎక్కడో చూసినట్టుంటుంది. టీవీలో చూసి ఉంటావులే అంటుంది బ్రెండా. నిజమే మరి, ఆదివారం పూట వచ్చే పాతకాలపు కథల్లో రాజమాతా ఈవిడే, పెద్ద బంగళా యజమానురాలూ ఈవిడే.

పద్దెనిమిదేళ్ళప్పుడు లండన్‌లో నాటకాలతో మొదలుపెట్టిందట. నలభై ఎనిమిదేళ్ళు కిరీటాలూ, నేల ఊడ్చే గౌన్లూ, ఊపిరాడకుండా బిగించిన నడుములూ. ఒక్క వేషంలోనూ గిన్నె కడగలేదు. మూడేళ్ళ నించి ఆ రాణి వేషాలూ పిలిచి ఇచ్చేవాళ్ళు లేరు. ఎట్టకేలకి ఒకటి తగిలింది, అదీ వంటమనిషి వేషం. నూటేభై ఏళ్ళ కిందట యార్క్‌షైర్‌లో ఒక నూలుమిల్లు యజమాని ఇంట్లో వంటమనిషి. ఆ మనిషి ఇక్కడి యాసలో మాట్లాడాలి. ఈవిడ నోట అది పలకడం లేదు. సోమవారానికి పలక్కపోతే లీడ్స్‌లో ఇంకొకావిడ ఉంది, ఆవిడకి ఇచ్చేస్తానని దర్శకుడు చెప్పేశాడు. ఇది పోతే ఇంకో వేషం రాదని ఈవిడకీ తెలుసు.

ఇదంతా వచ్చిన ప్రతిసారీ మొదట్నించీ చెబుతుంది. విసుక్కోదు.

"ఏదీ, ఇంకోపాలి అను."

"తినేసి వెళ్ళవే," అంది ఇమొజెన్.

"ఎల్లవే. ఎల్లు. అంత నాజూగ్గా అంటే ఎవరన్నా తింటారా? రాణీగారు సెలవిచ్చినట్టుంది."

"తినేసి... ఎల్లవే."

"ఇప్పుడు పంటినొప్పొచ్చిన రాణీగారు."

వంటగదిలోంచి బ్రెండా నవ్వింది. ఇమొజెన్ కూడా నవ్వబోయింది గాని సగంలో ఆగిపోయింది. నోరా అల్లం కేకు పళ్ళెం ఆవిడ ముందుకి తోసి, నీ నాలికకేమైందమ్మా అని అడిగింది. నటన నేర్పే బడిలో పేరు మార్పించి, పళ్ళ మధ్య బిరడా పెట్టి గంటలకొద్దీ మాట్లాడించేవారని ఆవిడ చెప్పింది. మాట శుభ్రపడాలని అలా చేసేవారట.

నోరాకి అది నచ్చలేదు.

"మాటకేం మురికంటుకుంది?"

ఇమొజెన్ కేకు ముక్క తుంచుకుని నెమ్మదిగా నమిలింది.

అసలా మాట ఎక్కడొస్తుందో చెప్పమంది నోరా. వంటమనిషి కూతురు పొట్ట చేతబట్టుకుని లండన్ పోతోంది. తెల్లవారుతోంది, గుమ్మంలో బండి ఆగింది. తల్లి పళ్ళెం పట్టుకుని నిలబడి ఆ ఒక్కమాటే అంటుంది. ఆ తరవాత పిల్ల కథలో మళ్ళీ కనపడదు. ఇమొజెన్ దాన్ని కోపంగా అంటూ వచ్చింది, దర్శకుడూ అలాగే అనమన్నాడట.

"కోపం కాదే తల్లీ. బయం," అంది నోరా. "తింటన్నంతసేపూ పిల్ల కుర్సీలోంచి లేవదు గదా. అందుకని తినమంటాది."

బయట నల్లరాతి వీధి మీద వాన పడుతోంది. మీకెలా తెలుసని ఇమొజెన్ అడిగింది, అడిగీ అడగనట్టు.

"రోజూ అనేదే గదా. నా కూతురు డోరీన్ బడికెల్లేప్పుడు ఒక్క ముద్ద తినదు, పరిగెత్తుద్ది. నాలుగింటికి వచ్చేత్తాది, ఉండు. దానిచేత ఓపాలి అనిపిత్తాను. దాని మాట రాయి మీద రాయేసినట్టుంటాది."

గోడ గడియారం అయిదు చూపిస్తోంది. ఇమొజెన్ దానికేసి చూసి, వచ్చేదాకా ఉంటానంది. ఇంకో కప్పు టీ పోసుకుంది.

మళ్ళీ మొదలుపెట్టారు. నోరా పెదాలు చూపించింది, గొంతు మీద వేలు పెట్టి చూపించింది. ఒక్కసారి ఆ మాట అచ్చంగా వచ్చేసినట్టే అనిపించి నోరా ముందుకి వంగింది. చివర్లో ఆవిడ గొంతు వణికి, మాట మళ్ళీ లండన్ పోయింది. ఆరో సారో ఏడో సారో ఇమొజెన్ కాగితాలు మడిచి సంచిలో పెట్టేసింది. సోమవారం దాకా ఎందుకు, రేపే ఫోన్ చేసి ఆ లీడ్స్ ఆవిడకి ఇచ్చెయ్యమంటానంది. ఆ అనడంలో బాధకంటే అలసటే ఎక్కువుంది.

నోరాకి మనసు చివుక్కుమంది. తనే సరిగ్గా చెప్పలేకపోయానంది. అలా అనకండి అంటూ ఇమొజెన్ లేచి కోటు తొడుక్కుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వచ్చే గురువారం రావచ్చా అని అడిగింది.

"యేసం పోయాక ఇంకెందుకు?"

"ఊరికే. మీరు మాట్లాడుతుంటే వింటాను."

"అయితే రా. కేకు మాత్రం నువ్వే తెచ్చుకో. ఇంట్లో ఉన్నదంతా ఊడ్సేశావు."

ఇమొజెన్ వంగి ముసలామె చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఆవిడ కళ్ళు చూసి నోరా జాలిపడింది, రెండో చేత్తో ఆ చేతిని తట్టింది.

"పోనీలే తల్లీ, ఏడవమాక. నీ తప్పేం లేదు. ఇది నేర్సుకుంటే వచ్చేది కాదు. ఇక్కడ పుట్టుండాలి."

ఇమొజెన్ తలూపింది.

ఆవిడ పుట్టింది ఆ ఇంట్లోనే.